ఇరవై తొమ్మిదో నిమిషం

నడక 611
నీలగుట్ట, నాలుగో వరస, ఏడో ఇల్లు.
గడప నుంచి ప్లాట్‌ఫారం: 8 నిమిషాలు. రైలు: 14. మొత్తం: 22.
ఇతర విషయాలు:

ఈ గడి కుక్కల కోసం పెట్టారు. దారిలో కుక్క అడ్డం పడిందా, గుంత ఉందా, ఊరేగింపు ఏదైనా ఆపిందా, అవి రాయాలి. రెండున్నరేళ్ళుగా రాస్తున్నాను. ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. సాయంత్రం ప్లాట్‌ఫారం మీది గడియారం పెట్టెలో పేజీ దూర్చితే తేదీ ముద్ర పడుతుంది, కొలతల బోర్డువాళ్ళు అంకె ఎత్తుకుపోతారు. గడి నాకు మిగులుతుంది. కాబట్టి కుక్కల గురించి రాయను. మనుషుల గురించి రాస్తాను.

ఈ రోజు ఇంటావిడ చెంబుతో నా కాళ్ళ మీద నీళ్ళు పోయబోతూ, "కొంచెం చురుగ్గ నడువమ్మా, మా ఆయన ఏడు నిమిషాలల్ల పోతడు" అంది. మీ ఆయన ఉరుకుతాడు తల్లీ, నేను నడుస్తాను. అనేలోపు కాళ్ళు తడిశాయి. తడిశాక మాట్లాడకూడదు. గడప మీద ఇంటివాళ్ళు నడకరి కాళ్ళు తడపాలి, ఆ క్షణం నుంచి కాలం మొదలు. ప్లాట్‌ఫారం అంచు తొక్కేదాకా నేను గానీ, సాక్షిగా వెనక నడిచే ఇంటివాళ్ళు గానీ నోరు తెరవకూడదు. ఇదివరకు మిషన్లు కొలిచేవట. డబ్బున్నవాడు అడిగిన అంకె చూపించడం మిషన్లు తొందరగానే నేర్చుకున్నాయి. అందుకే ఇప్పుడు మనిషి కాళ్ళు, కుడి కాలికి రాగి కడియం, ప్రమాణం.

వెనక్కి వచ్చేసరికి గేటు పలక మీద ఇరవై రెండు వెలిగింది. ఆవిడ మొహంలో సంతోషం చూడాలి! ఉన్నవి రెండు గదులు. వంటింట్లో పట్టపగలు దీపం కావాలి. బోరు నీళ్ళు ఉప్పు. ఎవరిక్కావాలి అవన్నీ? ఇల్లు ఎట్లా ఉందని అడిగే రోజులు పోయాయి, ఎన్ని నిమిషాలని అడుగుతారు. నగరం నడిబొడ్డుకి ఇరవై రెండంటే, ఆ రెండు గదుల వెలకి మా వీధి వీధంతా వస్తుంది.

మా ఇల్లు డెబ్బై ఒకటి.

నడక 613
నీలగుట్ట, మూడో వరస, పదకొండో ఇల్లు. 6 + 14 = 20.
ఇతర విషయాలు:

ఈ ఇంటి కర్టెన్లు మా అమ్మ పండగ చీరకన్నా బాగున్నాయి. తగలబడ. ఇంటాయన మంచినీళ్ళిచ్చి, "మీది ఏ ఊరమ్మా, ఎన్ని నిమిషాలోళ్ళు?" అని అడిగాడు. అబద్ధం చెప్పాను. నలభై అన్నాను. నలభైకే ఆయన "అయ్యో" అన్నాడు.

నడక 614
నీలగుట్ట, తొమ్మిదో వరస, రెండో ఇల్లు. 10 + 14 = 24.
ఇతర విషయాలు:

మా ఊరు రాళ్ళచెలక. నగరానికీ నీలగుట్టకీ మధ్యలో ఉంటుంది. అవును, నగరానికి మేమే దగ్గర. రైలు పరిగెత్తే మూసిన గొట్టం మా వెనక గోడని రాసుకుంటూ పోతుంది. రోజుకి తొంభై రైళ్ళు. వచ్చినప్పుడల్లా అలమారలో గ్లాసులు జరుగుతాయి, అమ్మ కింద పాత తువ్వాలు పరిచింది. ఒక్క రైలూ ఆగదు. నీలగుట్టలో అప్పట్లో ఎవరో పెద్దాయనకి మామిడితోట ఉండేదట, అందుకని అక్కడ ఆగింది. ఇప్పుడు తోట లేదు, పెద్దాయన లేడు, పద్నాలుగు నిమిషాలు మాత్రం ఉన్నాయి. నిమిషాలున్న చోటికి టీచర్లు వస్తారు. డాక్టరు వస్తాడు. కూరగాయల బండి కూడా పొద్దున్నే అక్కడికి పోయి, వాడిపోయాక మాకొస్తుంది.

మా అమ్మ సాయవ్వ నగరంలో ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. బస్టాండుకి తొమ్మిది నిమిషాల నడక. బస్సెక్కి గుట్ట చుట్టూ తిరిగి నలభై ఎనిమిది నిమిషాలు వెనక్కి, నీలగుట్టకి. అక్కడ రైలు. ఆ రైలు మళ్ళీ మా ఇంటి వెనక నుంచే పోతుంది. గడప దాటిన గంటకి మా అమ్మ మళ్ళీ తన ఇంటి పక్కకే వస్తుంది, ఆగకుండా. నేరుగా నగరానికి పోయే పాత రోడ్డు లారీలది, దాని మీద పోతే ఒక పూట గోవిందా. నిలబడి నిద్రపోవడం నేర్చుకుంది మా అమ్మ. యాభై రెండేళ్ళు ఆమెకి.

నేను బడికి ఏడు దాకే పోయాను. కొలతల చట్టం మొత్తం చదివింది ఆ బస్సులోనే, అమ్మ తల నా భుజం మీద ఉండగా. అందుకు మాత్రం ఆ బస్సుకి దండం.

నడక 616
నీలగుట్ట, ఇరవై ఆరో వరస, చివరి ఇల్లు. పాత అంకె: 27.
గడప నుంచి ప్లాట్‌ఫారం: 15 నిమిషాలు. రైలు: 14. మొత్తం: 29.
ఇతర విషయాలు:

ఇది ప్రవళిక ఇల్లు.

రాళ్ళచెలకలో మాదీ వాళ్ళదీ ఒకటే గోడ. అటు గ్లాసు పడితే ఇటు వినపడేది. బడికి కలిసి నడిచేవాళ్ళం, అడుగులో అడుగు. చిన్నప్పుడు ఒకరింట్లో ఉయ్యాల బల్ల చూసి, పెద్దయ్యాక మన ఇంట్లో ఒకటి పెట్టుకోవాలే అనుకున్నాం. మన ఇంట్లో అంటే ఎవరింట్లోనో అప్పుడు అనుకోలేదు. వాళ్ళాయనకి సిగ్నళ్ళలో పని దొరికింది, రెండేళ్ళ కింద ఇక్కడ కొన్నారు. వరండాలో ఉయ్యాల బల్ల. ఇత్తడి గొలుసులు. గేటు పక్క కానుగ చెట్టు.

తిరిగి కొలవమని వాళ్ళే అర్జీ పెట్టుకున్నారట. ఎందుకో నాకు తెలియదు. ఆఫీసు నా పేరు వేసింది. సొంత ఊరు నడవకూడదు, చుట్టాల ఇల్లు నడవకూడదు. స్నేహితుల ఇల్లు నడవకూడదని చట్టంలో లేదు.

"మంచిగున్నవా లస్మీ? సన్నబడ్డవే" అంది. కాళ్ళ మీద నీళ్ళు పోసింది. ఆ చెంబు కూడా కొత్తది.

మాకు నడక నేర్పేది డప్పు మీద. మూడు నెలలు మా గురువు బుచ్చన్న కొడుతూ ఉంటే తిరిగాం. ఆ దరువు కాళ్ళలో పడిపోతుంది, నిద్రలో లేపినా తప్పదు. ఈ రోజు కూడా దరువు తప్పలేదు. అడుగు మాత్రం బెత్తెడు కురచ చేశాను. ఒక్కో అడుగుకి బెత్తెడు. వింటే తెలియదు, చూస్తే తెలియదు. పదమూడు నిమిషాల దారి పదిహేనైంది. రెండు నిమిషాలు. ఆ ఇంటి వెలలో రెండు నిమిషాలు ఎంతో నాకు బాగా తెలుసు.

రాశాను. ఎవరూ చదవరు కదా.

నడక 617
నీలగుట్ట, రెండో వరస, నాలుగో ఇల్లు. 5 + 14 = 19.
ఇతర విషయాలు:

ప్రవళిక గేటు చూడ్డానికి పని లేకపోయినా అటు నుంచి వెళ్ళాను. పలక మీద 29. ఈ రోజు అన్నం రుచిగా ఉంది.

నడక 622
నీలగుట్ట, ఆరో వరస, ఒకటో ఇల్లు. 9 + 14 = 23.
ఇతర విషయాలు:

నడక ముగించి నడకరుల గదికి వెళ్తే బుచ్చన్న టీ తాగకుండా కూచున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, టీ చల్లారనిచ్చే రకం కాదు.

"కూసో బిడ్డా. మీ ఊరికి హాల్టు అడిగిన్రంట గదా మూడేండ్ల కింద."

"అడిగితే ఏమైంది? చెత్తబుట్టల ఏసిన్రు."

"ఎయ్యలే. రాళ్ళచెలక హాల్టు పాసైంది. జాగ కొలిసిన్రు, గొట్టం చూసిన్రు, అన్నీ అయినయ్. నీలగుట్టోళ్ళకి నెల కిందనే నోటీసు ఇచ్చిన్రంట. మీ ఊరికి ఈ రోజు పంపిన్రు."

నేను లేచి నిలబడ్డాను. లెక్క నోట్లోంచి దానంతటదే వచ్చింది. "మా కాడ్నుంచి రైలు తొమ్మిది. నడక ఆరు. పదిహేను! అన్నా, మా ఇల్లు పదిహేను!"

"పూర్తిగ ఇను. పాసైంది, మళ్ళ రద్దైంది. అదే కాయితంల" అని నా చేతిలో పెట్టాడు.

చదివాను. ఆ సెక్షన్ నాకు చూడకుండా వచ్చు. కొత్త హాల్టులో రైలు ఆగితే దాని వెనక ఊళ్ళకి రెండు నిమిషాలు పెరుగుతుంది. ముప్పై లోపలున్న ఇల్లు ఒక్కటైనా ఆ రెండు నిమిషాల వల్ల ముప్పై దాటితే, హాల్టు ఇవ్వరు. నీలగుట్టలో అట్లాంటి ఇల్లు ఒకటే తేలింది. ఇరవై ఆరో వరస, చివరి ఇల్లు. ఇరవై తొమ్మిదీ రెండూ ముప్పై ఒకటి.

"అది ఇంతకుముందు ఇరవై ఏడుండె గదా" అన్నాడు బుచ్చన్న నా మొహంలోకి చూస్తూ. "ఇరవై ఏడైతే సరిపోతుండె. అటుదిక్కు దారి ఏమన్న పాడైందా?"

"లేదన్నా."

ఆయన చల్లారిన టీ తాగేశాడు. అభ్యంతరం చెప్పడానికి పది రోజుల గడువుంది.

బస్సులో అమ్మ నా భుజం మీద నిద్రపోయింది. మా ఊరి చావడిలో కాయితం ఒకటి అంటించారు. జనం గుమిగూడి ఉన్నారు. ఎవరో ఒకాయన, "ఒక్క ఇంటి కోసం ఊరంత నాశనం చేసిన్రు" అంటున్నాడు. తల వంచుకుని ఇంట్లోకి పోయాను. రైలు వెళ్ళింది. గ్లాసులు జరిగాయి.

నడక లేదు. సెలవు పెట్టాను.
ఇతర విషయాలు:

నీలగుట్టవాళ్ళకి నెల కిందనే నోటీసు. ప్రవళిక అర్జీ మూడు వారాల కింద. ఇంత చిన్న లెక్క తేలడానికి నాకు మూడు రోజులు పట్టింది. వెళ్ళాను. ఉయ్యాల బల్ల మీద కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నాలుగేళ్ళ పాప లోపల నిద్రపోతోంది.

"నన్నే పంపమని రాసినవా?" అన్నాను.

"రాసిన. కూసో."

"కూసోను."

"నీ ఇష్టం." ఇంకో కాయ తీసుకుంది. "కాలనీ మీటింగుల అందరు తలకాయలు పట్టుకున్నరు. ఒక్క ఇల్లు ఇరవై తొమ్మిది ఉన్నా చాలు, హాల్టు ఆగుతదన్నరు. చివరి ఇల్లు నాది. నేను చూసుకుంటనన్న."

"నేను మెల్లగ నడుస్తనని నీకెట్ల తెలుసే?"

"గృహప్రవేశం నాడు నువ్వు పాయసం ముట్టలే. ఈ బల్ల దిక్కు ఎట్ల చూసినవో నేను చూసిన." నవ్వలేదు. నవ్వి ఉంటే కొట్టేదాన్ని. "అయినా నడుమల భయమైంది, సక్కగ నడుస్తవేమో అని. రెండో మలుపు కాడ నీ మడిమె నా కాలివేలికి తగిలింది. ఇరవై ఏండ్ల సంది నీ ఎనక నడిచిన, ఎన్నడు తగల్లే. అప్పుడు నిమ్మలమైన."

"నీకు రెండు నిమిషాలు పోలేదా?"

"హాల్టు వస్తే ఎట్లైనా పోయేటియే. ఇప్పుడైతే వచ్చే ఏడు మళ్ళ నడిపించుకుంట. నా ఇరవై ఏడు నాకొస్తది."

అంత తెలివి. బడిలో లెక్కలు దానికి నేను చెప్పేదాన్ని.

"మా అమ్మ రోజుకి..."

"సాయవ్వ అత్త సంగతి నాకు చెప్తవా? ఆమె చేతి ముద్ద తిని పెరిగిన." కాయలు పక్కన పెట్టింది. "నా బిడ్డకు ఆయాసం ఉన్నది లస్మీ. అక్కడుంటే డాక్టరు ఎన్నడు రాకపాయె. ఈడికి వారానికి మూడు రోజులొస్తడు. రైలు పదిహేను నిమిషాల లోపలున్న ఊర్లకే వస్తరు వాళ్ళు. మాది పద్నాలుగు. మీ కాడ ఆగితే పదహారు. ఇగ రాడు. నువ్వే చెప్పు, నేనేం చెయ్యాలె?"

గొంతెత్తి అరిచాను.

"బోర్డుకి చెప్తా. కావాల్నని మెల్లగ నడిచిన అని చెప్తా."

"చెప్పుకో పో. ఎవరు నమ్ముతరే? నీ ఊరికి హాల్టు కావాలె కాబట్టి మాట మారుస్తున్నదంటరు. సాక్షిని నేను. మంచిగనే నడిచిందని నేను చెప్తా."

గేటు దగ్గరికి వచ్చాక వెనక నుంచి పిలిచింది. "చిక్కుడుకాయ అత్తకు ఇష్టం. కొంచెం తీస్కపో." తీసుకోలేదు. తీసుకోవాల్సింది.

నడక లేదు.
ఇతర విషయాలు:

నమ్మరని అది సరిగ్గానే అంది. నా మాట నమ్మరు. ఈ పుస్తకం నమ్ముతారు. 616వ పేజీ మీద ఆ రోజు తేదీ ముద్ర ఉంది, హాల్టు కాయితం మా ఊరికి చేరడానికి వారం ముందుది. బెత్తెడు అని నా చేత్తో రాసి ఉంది.

బుచ్చన్నకి చూపించాను. రెండుసార్లు చదివాడు.

"ఒక్క పేజీ ఇస్తే తీస్కోరు. పుస్తకం మొత్తం అడుగుతరు. నీలగుట్టోళ్ళ ముందల పెట్టి సదువుతరు. కడియం పోతది నీది."

"తెలుసు."

ఇంకో నాలుగు పేజీలు తిరగేశాడు. "దీంట్ల నా గురించి కూడ రాసినవా?"

"రాసిన."

"ఏమని?"

"డప్పు కొట్టుడు తప్ప ఏం చేతగాదని."

"అది నిజమే తియ్" అని పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. "ఈ గడి సదవాలని మాకెవ్వలకి తోచలే చూడు."

అమ్మకి చెప్పడమే కష్టమైంది. ఆమె పనినుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూచుంది. చేతులు సోడాకి తెల్లగా పాలిపోయి ఉంటాయి ఎప్పుడూ. మొత్తం చెప్పాను, పాయసం నుంచి బెత్తెడు దాకా.

"పని పోతదా?"

"పోతది."

"ఎందుకు చేసినవే అసలు?"

"కుళ్ళుకున్న అమ్మా."

తిడుతుందనుకున్నాను. గోడకేసి చూసింది. రైలు వచ్చింది, పోయింది.

"నాకు లేదా కుళ్ళు?" అంది. "రోజు ఆ రైల్ల పోయేటప్పుడు మన గోడ కనబడుతదేమో అని కిటికీ దిక్కు చూస్త. గొట్టం గదా, ఏం కనబడదు. పక్క సీటుల కూసున్నోళ్ళు నగరం వస్తున్నదని సంచులు సర్దుకుంటరు. వాళ్ళకి ఇక్కడ ఇండ్లున్నయని కూడ తెల్వదు." కాళ్ళు దగ్గరికి లాక్కుంది. "ఇచ్చెయ్ పో. సదువుకోనీ."

నడక 623. చివరిది.
నీలగుట్ట, ఇరవై ఆరో వరస, చివరి ఇల్లు.
ఇతర విషయాలు (గడి చివర నింపుతాను, ముందు ఇది పేజీ వెనక):

విచారణ నీలగుట్ట కమ్యూనిటీ హాల్లో. బోర్డు నుంచి తబస్సుమ్ మేడమ్ వచ్చింది. ఈ పుస్తకం చేతిలో పట్టుకుని మైకులో చదివింది. పుస్తకం మొత్తం అడిగినా, పైకి 616 ఒక్కటే చదువుతుందనుకున్నాను. ద్వేషం ఎప్పటినుంచి ఉందో చూడాలని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. రెండు గంటలు.

"ఎనిమిదో వరస, మూడు. ఈ ఇంటాయన బట్టతల కూడా మా ఊరివాళ్ళ బట్టతలకన్నా నిగనిగలాడుతోంది."

హాలు గొల్లుమంది. బట్టతలాయన లేచి, "నేనీడనే ఉన్న మేడమ్" అన్నాడు.

"మూడో వరస, పదకొండు. కర్టెన్లు. తగలబడ."

"ఏం పాపం చేసినమమ్మా నీకు? మంచినీళ్ళిచ్చినం గదా!" అని వెనక నుంచి ఒకావిడ. నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నిలబడి నిద్రపోవడం గురించి చదివినప్పుడు ఎవరో కుర్చీ జరిపారు. అమ్మ చివరి వరసలో కూచుని ఉంది, ఎవరికీ తెలియదు ఆమే అని. ప్రవళిక ముందు వరసలో ఉంది. ఉయ్యాల బల్ల పేజీ వచ్చేసరికి తల వంచుకుంది. చిక్కుడుకాయల పేజీకి కాలనీ పెద్దలందరూ దానికేసి చూశారు. అది తల ఎత్తలేదు.

"నడకరి మెల్లగా నడిచిందా?" అని అడిగింది మేడమ్.

మంచిగనే నడిచిందని చెప్తుందనుకున్నాను.

"నడిచింది మేడమ్" అంది ప్రవళిక. "మడిమె తగిలింది నాకు."

ఎందుకు నిజం చెప్పిందో తెలియదు. అంతా చదివేశాక అబద్ధం చెప్పడానికి చోటు లేకపోయిందేమో. అత్త ముద్ద గుర్తొచ్చిందేమో. మంచితనం అని మాత్రం నేను రాయను.

చట్టం ప్రకారం తప్పు నడిచినవాళ్ళే అందరి ముందూ తిరిగి నడవాలి. బుచ్చన్న డప్పు తెచ్చుకున్నాడు. ఊరు ఊరంతా గేట్ల దగ్గర నిలబడింది. ఎవరెవరి ఇళ్ళ గురించి ఏమేం రాశానో ఇప్పుడు అందరికీ తెలుసు. గడప మీద నిలబడ్డాను. ప్రవళిక చెంబు తెచ్చింది. కొన్ని నీళ్ళు కడియం మీద, కొన్ని దాని కాళ్ళ మీద పడ్డాయి. వరండాలో పాప ఉయ్యాల బల్ల మీద కూచుని మమ్మల్ని చూస్తోంది. ఊపిరి తీస్తుంటే పిల్లి కూతలు వినిపిస్తున్నాయి.

నడిచాను. పూర్తి అడుగు. రెండో మలుపు, బట్టతలాయన గేటు, కర్టెన్ల ఇల్లు. వెనక ప్రవళిక అడుగు నా అడుగులో పడుతూనే ఉంది. ఎక్కడా తగల్లేదు. ప్లాట్‌ఫారం అంచు తొక్కాను.

గడప నుంచి ప్లాట్‌ఫారం: 13 నిమిషాలు. రైలు: 14. మొత్తం: 27. హాల్టు వస్తే 29. హాల్టు మంజూరు.

కడియం తీసి ఇచ్చాను. చీలమండ చుట్టూ తెల్లటి గీత మిగిలింది. హాల్టు కట్టడానికి కూలీలు కావాలట, నీ పేరు రాయించిన అని అమ్మ అప్పుడే చెప్పేసింది. మేడమ్ పుస్తకం తీసుకోబోయి, గడి ఇంకా ఖాళీగా ఉందని చూపించింది. "ఇక నుంచి ఇవి చదువుతాం" అంది. సరే, రూలు ప్రకారమే రాస్తున్నాను.

ఇతర విషయాలు: దారిలో కుక్క లేదు. గుంత లేదు. ఊరేగింపు నాదే. చివరి ఇంట్లో పాపకి ఆయాసం ఉంది, డాక్టరు పదహారు నిమిషాలకి కూడా రావాలి, ఇది ఎవరు చదువుతున్నారో వాళ్ళు చూడండి. ఆ ఇంటి ఉయ్యాల బల్ల ఇప్పటికీ నాకే కావాలి.